వేడినీటి హీట్ పంపు సరిగా పనిచేయనప్పుడు: బెంగళూరు ఇళ్లలో లోపం కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

బెంగళూరులో పైకప్పు మీద సోలార్ హీటరుకు చోటు దొరకని అపార్టుమెంట్లలోను, నాలుగైదు స్నానాల గదులున్న విడి ఇళ్లలోను గదికో గీజరు బదులు ఒకే హీట్ పంపు పెట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ యంత్రం కరెంటుతో నేరుగా నీళ్లు కాచదు. బయటి గాలిలోని వేడిని లోపల తిరిగే గ్యాస్ పీల్చుకుంటుంది, కంప్రెసరు ఆ గ్యాస్‌ను గట్టిగా నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది, ఆ వేడి ట్యాంకులోని నీటికి చేరుతుంది. అందువల్ల బెంగళూరు వాతావరణంలో, యంత్రం మంచి స్థితిలో ఉంటే, ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి దక్కుతుంది.

నీళ్లు సరిగా వేడెక్కనప్పుడు చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అన్నది. ఆ మాటను పరీక్షలు లేకుండా ఒప్పుకోవద్దు. గ్యాస్ పెట్రోలులా వాడకంతో ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాలలో మూసి ఉన్న దారిలో, యంత్రం పనిచేసినంత కాలం అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. ఆ చోటు మూయకుండా కొత్త గ్యాస్ నింపితే అది కూడా కొన్నాళ్లకు కారిపోతుంది. గ్యాస్‌తో సంబంధం లేకుండా నీటిలోని సున్నం వల్ల, యంత్రానికి గాలి ఆడకపోవడం వల్ల, కరెంటు భాగాలు చెడిపోవడం వల్ల కూడా సరిగ్గా ఇవే లక్షణాలు కనబడతాయి. అందుకే ముందు నీరు, తరువాత గాలి, ఆ తరువాత కరెంటు, అన్నిటికంటే చివర గ్యాస్ అనే వరుసలో చూడాలి. ఈ వరుసలో ఖర్చు తక్కువైన పరీక్షలు ముందు వస్తాయి, తప్పు చేస్తే ప్రమాదమైనవి చివరకు మిగులుతాయి.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, యంత్రం మూత తీసే ముందు ఎంసీబీ ఆపడమే కాక టెస్టరుతో సరఫరా నిజంగా ఆగిందని చూసుకోవాలి. ఎంసీబీ ఆపాక కూడా కెపాసిటరులో (మోటారు మొదలవడానికి, నడవడానికి తోడ్పడే విద్యుత్ నిల్వ భాగం) ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి, దానిని సురక్షితంగా ఖాళీ చేయడం తెలియనివారు కరెంటు భాగాల మూత తెరవకూడదు. రెండవది, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు యంత్రానికి కరెంటు ఇవ్వకూడదు. చాలా హీట్ పంపు ట్యాంకులలో సాయంగా ఒక కరెంటు ఎలిమెంటు ఉంటుంది. నీళ్లు లేకుండా అది కొద్ది క్షణాలలోనే కాలిపోతుంది. వేసవిలో ట్యాంకరు ఆలస్యమై ఓవర్‌హెడ్ ట్యాంకు ఎండిపోయిన రోజున ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ముందు కొలవాలి

"నీళ్లు చాలినంత వేడిగా లేవు" అన్న ఫిర్యాదు వెనుక రెండు వేర్వేరు విషయాలు ఉండవచ్చు: యంత్రం వేడిని తయారు చేయలేకపోవచ్చు, లేదా తయారైన వేడి నీళ్లు మరెక్కడో పోతూ ఉండవచ్చు. ఈ రెంటినీ విడదీయడానికి ఒక చిన్న లెక్క చాలు. ఒక యూనిట్ విద్యుత్తు శక్తి దాదాపు 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. కాబట్టి ట్యాంకు లీటర్లను, పెరిగిన డిగ్రీలతో హెచ్చించి, 860తో భాగిస్తే నీటిలోకి చేరిన వేడి యూనిట్లలో వస్తుంది. 200 లీటర్ల ట్యాంకు 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు చేరితే అది సుమారు 7 యూనిట్ల వేడి.

రాత్రి అందరి స్నానాలు అయ్యి ట్యాంకులో చల్లని నీళ్లే మిగిలినప్పుడు, ఇంట్లో మిగతా ఎంసీబీలన్నీ ఆపి, కరెంటు మీటరు రీడింగు రాసుకుని హీట్ పంపు నడపాలి. అది తనంతట తాను ఆగాక మళ్లీ రీడింగు చూడాలి. ఈలోగా ఎవరూ వేడి నీళ్ల కుళాయి తిప్పకూడదు. పై ఉదాహరణలో 2.3 యూనిట్ల దగ్గర ఖర్చయి ఉంటే యంత్రంలో లోపం లేదు, గొట్టాలలోనో వాడకంలోనో వెతకాలి. మూడున్నర యూనిట్ల వరకు ఖర్చయితే గాలి అందకపోవడమో సున్నం పట్టడమో అనుమానించాలి. ఏడు యూనిట్ల దగ్గరకు వస్తే కంప్రెసరు పనిచేయడం లేదు, నీళ్లను ఎలిమెంటు ఒక్కటే కాస్తున్నది. ఈ చివరి లోపం చాలా ఇళ్లలో నెలల తరబడి బయటపడదు. నీళ్లు వేడిగానే వస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. రోజూ ఒక ట్యాంకు వాడే ఇంట్లో ఆ తేడా నెలకు 140 యూనిట్లు.

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేసే ఇళ్లలో నీళ్లు చాలకపోతే దానిని లోపంగా లెక్కపెట్టకూడదు. ఆ రోజుల్లో వచ్చే నీళ్లే చల్లగా ఉంటాయి, గాలిలో వేడి కూడా తక్కువ. అదే ట్యాంకును 20 డిగ్రీల నుంచి 55కు తేవాలంటే 8 యూనిట్లకు పైగా వేడి కావాలి, అదీ యంత్రం సామర్థ్యం తగ్గే గంటల్లో. యంత్రాన్ని తెల్లవారుజామున కాక ముందురోజు మధ్యాహ్నం, గాలి వెచ్చగా ఉన్నప్పుడు నడిచేలా టైమరు మార్చుకుంటే చాలా వరకు సర్దుకుంటుంది.

నీటి వైపు

కొలతలో యంత్రం బాగానే ఉన్నా కుళాయిలో గోరువెచ్చని నీళ్లు వస్తుంటే, చల్లని నీళ్లు వేడి గొట్టంలోకి అడ్డదారిన కలుస్తున్నాయేమో చూడాలి. వేడి, చల్లని నీళ్లు రెండూ వచ్చే మిక్సర్లలో లోపలి వాల్వు అరిగిపోయినా, షవరు చివర విడిగా కుళాయి పెట్టి మిక్సరు రెండు వైపులా తెరిచి వదిలేసినా ఈ కలయిక జరుగుతుంది. పరీక్ష సులభం. హీట్ పంపు ట్యాంకులోకి చల్లని నీళ్లు వచ్చే వాల్వును మూసి, ఏదో ఒక గదిలో వేడి నీళ్ల కుళాయి తెరవాలి. గొట్టంలో మిగిలిన కాసిని నీళ్లు వచ్చి ఆగిపోతే మంచిది. ధార ఆగకుండా వస్తూ ఉంటే ఆ నీళ్లు ట్యాంకు నుంచి కాదు, ఏదో మిక్సరు గుండా చల్లని గొట్టం నుంచి వస్తున్నాయి. ఒక్కొక్క గది వాల్వును మూస్తూ పోతే ఏ గది వల్ల వస్తున్నదో తేలుతుంది. మిక్సరు కార్ట్రిడ్జి మార్చితే సరిపోయే ఈ లోపానికి యంత్రాన్ని విప్పించుకున్నవారు ఎందరో ఉన్నారు.

ట్యాంకు ఒకచోట, యంత్రం మరొకచోట ఉండి, మధ్యలో చిన్న పంపు నీటిని తిప్పే రకమైతే, ఆ పంపుకు ముందున్న జాలీని శుభ్రం చేయాలి. ఎక్కువ ఇళ్లలో అది బిగించిన రోజు నుంచి ఎవరూ తీసి చూడరు. ట్యాంకరు నీళ్లతో వచ్చిన సన్న ఇసుక, కొత్త గొట్టాల ప్లాస్టిక్ ముక్కలు అందులో చేరి ప్రవాహం తగ్గిపోతుంది. అప్పుడు యంత్రం నీటి ప్రవాహం లేదని చూపించి ఆగిపోతుంది, లేదా లోపల ఒత్తిడి పెరిగి ఆగుతుంది.

ఇక అసలు సంగతి, సున్నం. కావేరి నీళ్లు అందే పాత బెంగళూరు ప్రాంతాలలో ఈ బాధ తక్కువ. ఐదో దశ కావేరి పథకం 2024 అక్టోబరులో ప్రారంభమైనప్పటికీ, శివార్లలో బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద నడిచే భవనాలు ఇంకా ఉన్నాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కాఠిన్యం, అంటే గార కట్టే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండవచ్చు, వేరే దారి లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఈ కాఠిన్యాన్ని చెప్పదు. ఉప్పుతో పనిచేసే సాఫ్టెనరు కాల్షియాన్ని తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది కాబట్టి మెత్తబడ్డ నీటిలో కూడా టీడీఎస్ అంతే చూపిస్తుంది. కాఠిన్యానికి చుక్కల మందు వేసి చూసే పరీక్ష పెట్టె విడిగా కొనుక్కోవాలి.

కఠినమైన నీరు వేడెక్కినప్పుడు అందులో కరిగి ఉన్న బైకార్బనేటు విడిపోయి సున్నపు గారగా గోడలకు అంటుకుంటుంది. అది అన్నిటికంటే వేడిగా ఉన్న చోటే, అంటే గ్యాస్ తన వేడిని నీటికి ఇచ్చే చోటే, ఎక్కువగా పేరుకుంటుంది. గార వేడిని సరిగా దాటనివ్వదు. గ్యాస్‌లోని వేడి నీటికి చేరక ఒత్తిడి పెరిగిపోతుంది: ఆర్-134ఎ గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారడానికి దాదాపు 17 బార్ ఒత్తిడి చాలు, గార వల్ల అదే పని 70 డిగ్రీల దగ్గర జరగవలసి వస్తే 21 బార్ కావాలి. కంప్రెసరు మీద ఆ భారమంతా పడి చివరకు రక్షణ స్విచ్ యంత్రాన్ని ఆపేస్తుంది. అందుకే దీని గుర్తు కొట్టవచ్చినట్టు ఉంటుంది: యంత్రం బాగానే మొదలవుతుంది, నీళ్లు 40, 45 డిగ్రీల వరకు వేడెక్కుతాయి, అక్కడి నుంచి మాటిమాటికీ ఎక్కువ ఒత్తిడి లోపం చూపించి ఆగిపోతుంది. దీనికి గ్యాస్ నింపితే ఒత్తిడి ఇంకా పెరిగి కంప్రెసరు ఆయుష్షు తగ్గుతుంది.

నీటిని తిప్పే రకంలో వేడి మార్చే పలకల పెట్టె ఉంటుంది. దానికి రెండు వైపులా ఉన్న వాల్వులు మూసి, ట్యాంకుతో సంబంధం తెంచి, లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని చిన్న పంపుతో గంట, రెండు గంటల సేపు తిప్పాలి. మొదట నురుగు, బుడగలు వస్తాయి. బుడగలు ఆగినా ద్రావణం ఇంకా పుల్లగానే ఉందని పీహెచ్ కాగితంతో తేలితే గార పోయినట్టు. పులుపు పోయి బుడగలు ఆగితే ఆమ్లం అయిపోయిందని అర్థం, కొత్త ద్రావణం కలపాలి. చివర కొద్దిగా వంటసోడా కలిపిన నీటితోను, ఆపైన మంచి నీటితోను బాగా కడగాలి. బాత్‌రూము నేలలు కడిగే యాసిడ్‌ను మాత్రం ఎవరు చెప్పినా వాడనివ్వకూడదు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలును సన్న రంధ్రాలు పడేలా తినేస్తుంది. ఆ రంధ్రం గుండా నీళ్లు గ్యాస్ దారిలోకి చేరితే యంత్రాన్ని కాపాడుకోవడం దాదాపు అసాధ్యం.

గ్యాస్ గొట్టం ట్యాంకు చుట్టూ బయట చుట్టి ఉండే రకంలో ఆమ్లం పోయడం తగదు, ఎందుకంటే లోపలి ఎనామిల్ పూత, మెగ్నీషియం కడ్డీ రెండూ పాడవుతాయి. కరెంటు ఆపి, నీళ్లు చల్లారాక, ట్యాంకులోకి వచ్చే వాల్వు మూసి, గాలి లోపలికి వెళ్లేలా ఒక వేడి నీళ్ల కుళాయి తెరిచి, కింది డ్రెయిన్ వాల్వు నుంచి నీళ్లు వదలాలి. మధ్యమధ్య చల్లని నీళ్ల వాల్వును కాసేపు తెరుస్తూ మూస్తూ ఉంటే అడుగున చేరిన పెచ్చులు కదిలి బయటకు వస్తాయి. అదే సమయంలో మెగ్నీషియం కడ్డీని కూడా విప్పి చూడాలి. ట్యాంకు ఇనుముకు బదులు తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. మధ్యనున్న తీగ కనబడేంతగా అది తరిగిపోతే వెంటనే మార్చాలి. బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికొకసారి ఈ పని చేయించడం కంటే ట్యాంకుకు మేలు చేసేది మరొకటి లేదు.

రక్షణ వాల్వు నుంచి నీళ్లు కారడం గురించి ఒక మాట. 200 లీటర్ల నీరు 25 నుంచి 55 డిగ్రీలకు వేడెక్కితే రెండు లీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది. ట్యాంకులోకి వచ్చే దారిలో వెనక్కు పోనివ్వని వాల్వు ఉండి, వ్యాకోచానికి వేరే పాత్ర గాని గాలి గొట్టం గాని లేకపోతే ఆ నీళ్లు రక్షణ వాల్వు గుండానే రావాలి. వేడెక్కే సమయంలో కొద్దిగా కారితే అది తన పని తాను చేస్తున్నట్టు. దానిని బిరడాతో మూయించడం ప్రాణాలకే ప్రమాదం. రోజంతా కారుతుంటే మాత్రం వాల్వు మార్చాలి.

యంత్రం కింద నీళ్లు కనబడితే అది ట్యాంకు లీకా, లేక గాలిలోని తేమ చల్లని ఫిన్ల (గాలి నుంచి వేడి పీల్చే పలుచని లోహపు రేకులు) మీద చేరి కారుతున్న నీరా అన్నది టీడీఎస్ మీటరుతో తేల్చవచ్చు. గాలి తేమ నీటిలో అంకె చాలా తక్కువ ఉంటుంది. బోరు నీళ్ల అంకెతో సరిపోలితే ట్యాంకు గాని గొట్టం గాని కారుతున్నది.

గాలి వైపు

హీట్ పంపును ఎక్కువగా బట్టలు ఉతికే యుటిలిటీ బాల్కనీలో పెడతారు. కొన్నాళ్లకు దుమ్ము వస్తున్నదని, పావురాలు వస్తున్నాయని ఆ బాల్కనీకి అద్దాల కిటికీలు బిగిస్తారు. యంత్రం వదిలిన చల్లని గాలి అక్కడే తిరిగి మళ్లీ యంత్రంలోకే పోతుంది, ఆ గాలిలో తీసుకోవడానికి వేడి మిగలదు. కిటికీలు పూర్తిగా తెరిచి ఒక రాత్రి పైన చెప్పిన కొలత మళ్లీ చేసి, ఖర్చయిన యూనిట్లు తగ్గితే కారణం దొరికినట్టే. చల్లని గాలి బయటకు పోయేలా గొట్టం పెట్టించడం దానికి శాశ్వత పరిష్కారం.

ఫిన్లలో పావురాల ఈకలు, పక్కన కడుతున్న భవనం దుమ్ము పేరుకుని ఉంటే మెత్తని బ్రష్షుతో ఫిన్లు ఉన్న దిశలోనే తుడిచి, తక్కువ ఒత్తిడితో నీళ్లు పోయాలి. కారు కడిగే ప్రెషర్ వాషరు ఫిన్లను వంచేస్తుంది. లోపలికి పోయే గాలికీ బయటకు వచ్చే గాలికీ తేడా యంత్రం నడుస్తున్నప్పుడు చాలావాటిలో అయిదు నుంచి ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంటుంది. తేడా మరీ ఎక్కువైతే గాలి తక్కువగా పోతున్నదని, దాదాపు ఏమీ లేకపోతే గ్యాస్ గాని కంప్రెసరు గాని పనిచేయడం లేదని అనుకోవాలి.

చలి దేశాల కోసం రాసిన మాన్యువళ్లలో ఫిన్ల మీద మంచు పట్టడం సహజమని ఉంటుంది. ఇక్కడ ఆ మాట చెల్లదు. చలికాలపు రాత్రులలో కూడా సాధారణంగా 15 డిగ్రీల దగ్గర ఉండే బెంగళూరులో మంచు పడితే అది లోపమే. ఫిన్ల అంతటా సమంగా పడితే గాలి, ఫ్యాను చూడాలి. గ్యాస్ లోపలికి వచ్చే మొదటి భాగంలో మాత్రమే పడి మిగతాది పొడిగా ఉంటే, గ్యాస్ తగ్గడానికో, ఫిన్లలోకి గ్యాస్‌ను కొద్దికొద్దిగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు పూడుకుపోవడానికో అది నమ్మదగిన తొలి గుర్తు.

కరెంటు వైపు

తీగను విప్పకుండా దాని చుట్టూ బిగించి ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఒక్కటి ఉంటే చాలా తెలుస్తుంది. యంత్రం తీసుకుంటున్న ఆంపియర్లను పేరు పలక మీది అంకెతో పోల్చాలి. 2 కిలోవాట్ల ఎలిమెంటు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. కంప్రెసరు చప్పుడు లేకుండా ఆ అంకె కనబడితే పని ఎలిమెంటుదే. ఆన్ చేసిన వెంటనే కంప్రెసరు కదలకపోతే తొందరపడకూడదు, చాలా యంత్రాలు దాని రక్షణ కోసం మూడు నిమిషాలు ఆగి మొదలుపెడతాయి.

ఫ్యాను తిరుగుతూ కంప్రెసరు ఒక మూలుగు మూలిగి ఆగిపోతుంటే, ఇన్వర్టరు (కంప్రెసరు వేగాన్ని మార్చే బోర్డు) లేని యంత్రాలలో ముందు కెపాసిటరును అనుమానించాలి. దాని మీద ముద్రించిన మైక్రోఫారడ్ల కంటే కొలత బాగా తక్కువ వస్తే అదే విలువది, అదే వోల్టేజిది తెచ్చి మార్చాలి. ఎస్.పి. రోడ్డు దుకాణాలలో ఇవి, సెన్సార్లు కూడా దొరుకుతాయి. కంప్రెసరుకు సరఫరా కలిపే కంటాక్టరు స్విచ్ మధ్య బల్లి గాని చీమలు గాని ఇరుక్కుని సరఫరా అందకపోవడం కూడా బాల్కనీ యంత్రాలలో జరిగేదే. ఉష్ణోగ్రత తప్పుగా చూపిస్తే సెన్సారును విడదీసి నిరోధం కొలవాలి. వేడి నీళ్లలో ముంచితే అది నిలకడగా తగ్గుతూ రావాలి, చల్లబడితే పెరగాలి. ఎగిరి దూకుతుంటే మార్చాలి.

కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ స్విచ్ పడిపోతుంటే దానిని తప్పించి నేరుగా కలిపించుకోకూడదు. ఎలిమెంటు తీగలు విడదీసి చూస్తే పడడం ఆగిందంటే ఎలిమెంటు పగిలి నీళ్లు చేరాయని తేలుతుంది. ఇన్వర్టరు బోర్డులలో మూడు వందల వోల్టులకు మించిన డీసీ నిల్వ ఉంటుంది, అవి పూర్తిగా కంపెనీ టెక్నీషియన్ పని.

గ్యాస్ వైపు

పై పరీక్షలన్నీ అయ్యి, గాలి తేడా తగ్గి, ఆంపియర్లు పేరు పలక కంటే బాగా తక్కువగా ఉండి, ఫిన్ల మొదట మాత్రమే మంచు పడుతుంటే గ్యాస్ మాట నిజమయ్యే అవకాశం ఉంది. ఈ పని ఇంటివారు చేయకూడదు, కానీ సరిగా జరుగుతున్నదో లేదో కనిపెట్టి ఉండవచ్చు. గ్యాస్ కారిన చోట కంప్రెసరు నూనె మరక ఉంటుంది, అక్కడ సబ్బు నురుగు వేస్తే బుడగలు వస్తాయి. అతికిన తరువాత నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తున్నదో లేదో చూడాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే నూనెతో కలిసి పేలిపోతుంది. ఆపైన వాక్యూం పంపుతో, వాక్యూం గేజీ మీద 500 మైక్రాన్లు చూపేవరకు గాలిని, తేమను లాగి, పంపు ఆపినా అది నిలిచిందని చూసి, పేరు పలక మీద రాసినంత గ్యాస్‌ను త్రాసు మీద తూచి నింపాలి. ఒత్తిడి గేజీ చూసి అంచనాగా నింపేవారిని ఆపి త్రాసు తెమ్మని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

కొన్ని యంత్రాలలో ఉండే ఆర్-410ఎ గ్యాస్ అన్నది సగం ఆర్-32, సగం ఆర్-125 కలిసిన మిశ్రమం కాబట్టి సిలిండరు నుంచి ద్రవంగానే నింపాలి. ఆర్-290 అంటే ప్రొపేన్, వెంటనే మండుతుంది. ఆ యంత్రం దగ్గర మూసిన బాల్కనీలో మంట వెలిగించి అతకడానికి ఒప్పుకోకూడదు. ఒక రకం గ్యాస్ ఉన్న యంత్రంలో మరో రకం కలపకూడదు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండరులోకి లాగించాలి. ఒక కిలో ఆర్-410ఎ భూమిని వేడెక్కించడంలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం, ఇటువంటి వాయువులను తగ్గించే అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది.

మరమ్మతు ఏదైనా అయ్యాక డబ్బు ఇచ్చే ముందు ఆంపియర్లు, గాలి తేడా రాయించుకుని, ఆ రాత్రే మీటరు కొలత మళ్లీ చేయాలి. ట్యాంకు లోపలి గోడే తుప్పు పట్టి కారుతుంటే మాత్రం అతుకులకు ఖర్చు పెట్టడం వృథా, అది నిలవదు. కంప్రెసరు భాగం బాగుండి విడిగా ఉండే రకమైతే ట్యాంకు ఒక్కటే మార్చించుకోవచ్చు. ఒకే దేహంగా ఉన్న రకంలో ధర అడిగి, కొత్తదానితో పోల్చి నిర్ణయించుకోవాలి.